పదో బారులో ఖాలీ చోటు

ముప్పై మంది బారులు తీరి నిలబడిన చోట ఒకడు లేడన్న సంగతిని మీరు ఎట్లా కనిపెడతారు?

లెక్కపెడతామని అంటారు. మేమూ లెక్కపెట్టినాము. ఆ లెక్కలో నేను ఉన్నాను. నా అంకెను నా నోటితోనే అరిచినాను. లెక్క సరిగ్గా ముప్పై వచ్చింది. అయినా ఒకడు లేడు.

పోయిన వారం పెద్దపల్లిలోని మా ఇంటికి ఒకే టపాలో రెండు కార్డులు వచ్చినవి. ఒకటి వేములవాడ నుంచి. నాతో కళాశాలలో చదివి, నాతో కవాతు చేసిన ఒక నేతకాని కొడుకు ఛాతీ జబ్బుతో చనిపోయినాడని అతని తమ్ముడు రాసినాడు. చిరునామాలో నా పేరు కింద కుండలీకరణాలలో 'వకీల్ సాబ్' అని కూడా రాసి ఉంది. కళాశాల చర్చల్లో వాదించేవాణ్నని చనిపోయినవాడు నన్ను అట్లానే పిలిచేవాడు. అతని ఇంట్లోవాళ్లు నన్ను ఆ పేరుతోనే ఎరుగుదురేమో. రెండోది అచ్చు కార్డు, కరీంనగరంలో మేము చదివిన కళాశాలది. ఒకనాటి మా దళనాయకుడు ఇప్పుడు సైన్యంలో అధికారి అయినాడట. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం కళాశాలకు వచ్చి 'యువకులలో నాయకత్వ లక్షణాలు' అన్న విషయం మీద ప్రసంగిస్తాడట. ప్రసంగానికి ముందు పాత దళం అతనికి మైదానంలో వందనం సమర్పించాలట.

ఆ రెండు కార్డులను పక్కపక్కన పెట్టుకొని ఇది రాస్తున్నాను. పగతో రాస్తున్నాను. ఆ మాట మొదటే చెప్పడం న్యాయమని చెబుతున్నాను.

చనిపోయినవాని పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాయవలసిన చోట ఆ పేరును నేను రాయలేదు. ఇప్పుడు పత్రికలో రాసి ఆ తప్పును చవకగా దిద్దుకోదలచలేదు. ఆ పేరు మొదట చేరవలసిన కాగితం వేరే ఉంది.

అతను పొట్టివాడు. ఎడమ భుజం కుడిదానికంటె కొంచెం దిగి ఉండేది. చిన్ననాటి నుంచి గుంటమగ్గంలో కూర్చున్నవాని భుజం అది. ఖాకీ చొక్కా అందరికీ ఒకే కొలతతో ఇచ్చినారు. మేము మోచేతుల దాకా జారే చేతులతో తిరుగుతుంటే, అతను మొదటి రాత్రికే తన చొక్కాను విప్పి, కత్తిరించి, తన ఒంటికి సరిపోయేటట్లు కుట్టుకొని వచ్చినాడు. బొటనవేలంత చిన్న కత్తెర ఒకటి మొలతాడుకు కట్టి ఉండేది. టోపీ మడతలో సూది, ఆ సూదికి చుట్టిన ఖాకీ దారం. ఎవని చొక్కాకు గుండీ ఊడినా వానికి చెప్పేవాడు కాదు. ఎదుట నిలబడి సూది తీసేవాడు. "జర కదలకు" అనేవాడు. కుట్టడం అయినాక దారాన్ని పంటితో కొరికి వెళ్లిపోయేవాడు. మా దళనాయకుని భుజం పట్టీని కూడా ఒక తనిఖీనాటి ఉదయం అతనే కుట్టినాడు. నాయకుడు గడ్డం గీయించుకునేవానివలె మెడ పైకెత్తి, ఆకాశం చూస్తూ నిలబడినాడు. కుట్టేవాని తల అతని గుండెకు కూడా అందలేదు. కుట్టు ముగిసినదని తెలిసినాక కూడా కిందికి చూడలేదు.

చైనా యుద్ధం తరువాత కళాశాలల్లో సైనిక శిక్షణ తప్పనిసరి చేసిన రోజులవి. మాలో చాలామందికి అది వారానికి రెండు సాయంత్రాల శిక్ష. అతనికి మాత్రం అది దారి. శిక్షణ పూర్తిచేసి పరీక్ష నెగ్గితే వచ్చే సర్టిఫికెట్టుకు సైన్యపు ఎంపికలో కొంత మొగ్గు ఉంటుందని మాకు చెప్పినారు. తన పొట్టితనాన్ని ఆ కాగితం కొంతైనా మరిపిస్తుందని అతను నమ్మినాడు. మగ్గం గుంటలో నుంచి లేవడానికి అతనికి దొరికిన చేయి అదొక్కటే.

అతనికి ఒక అలవాటు ఉండేది. కవాతు బయలుదేరే ముందు అందరి వెనుకకు వెళ్లి, చివరివాని నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కని వీపు సంచి పట్టీని రెండు వేళ్లతో తాకుతూ ముందుదాకా వచ్చేవాడు. పెదవులు కదిలేవి, గొంతు వినిపించేది కాదు. ఆ తరువాత మళ్లీ వెనుకకు వెళ్లి అక్కడే నడిచేవాడు. మాకు కవాతు నేర్పే హవల్దారు ఉత్తరాదివాడు. మేము ఉస్తాద్ అనేవాళ్లం. వెనుక ఏం వెతుకుతున్నావని ఆయన ఒకరోజు హిందుస్తానీలో గద్దించినాడు.

"పోగులు సూస్తున్న, ఉస్తాద్" అన్నాడు ఇతను.

అందరూ నవ్వినారు. ఉస్తాద్‌కు అర్థం కాక నన్ను అడిగితే నేను ఇంకా నవ్వు పుట్టేటట్లు అనువాదం చేసినాను. ఆ రోజు నుంచి అతని పేరు 'ఎనుకటోడు' అయింది. ఆ నవ్వు తగ్గినాక నాతో ఒక్కనితోనే అన్నాడు: "మా గల్లీల పడుగు సాపి గంజి పట్టిస్తం వకీల్ సాబ్. ముంగట ఉన్నోడు పడుగును గుంజుతడు, గంతే. తెగిన పోగు వానికి కనపడది. ఎనుక నడిచేటోడే సూస్తడు, ఆడే అతుకేస్తడు." కళాశాల చర్చల్లో గెలిచేవాణ్ని గనుక ఆ మాటకు ఎదురుమాట నా దగ్గర సిద్ధంగా ఉండింది. సైన్యం పడుగు కాదన్నాను. అతను తల ఊపి మళ్లీ వెనుకకు వెళ్లినాడు.

మా అధికారి కళాశాలలో ఉపన్యాసకుడే. వారానికి రెండు సాయంత్రాలు ఖాకీ తొడిగి అధికారి అయ్యేవాడు. చర్చావేదికకు అధ్యక్షుడు కూడా ఆయనే. నా దస్తూరి బాగుంటుందని నాయకత్వ లక్షణాల పట్టికను నాచేత రాయించేవాడు. నిలువు గీతలు, అడ్డగీతలు. కంఠం, ఆకారం, నడక, చొరవ, నిర్ణయశక్తి, ప్రభావం. ప్రతి శిక్షణార్థి అయిదు నిమిషాలు దళాన్ని నడిపించాలి. ఆయన మార్కులు చెబుతుంటే నేను రాయాలి.

తరువాత మా దళనాయకుడైనవాడు ఆ రోజు 'సావధాన్' అని అరిస్తే గ్రంథాలయం కప్పు మీది పావురాలు లేచిపోయినవి. ఆరడుగుల మనిషి, మోకాళ్ల వరకు మెరిసే బూట్లు, ఊరి మీద పెత్తనం తాత కాలం నుంచి ఉన్న ఇల్లు. అరవడం అతనికి ఎవరూ నేర్పలేదు. మా వేములవాడవాడు దళం వెనుక నిలబడి ఆజ్ఞ ఇచ్చినాడు. వెనుక వరుస కదిలింది, ముందు వరుసకు వినపడలేదు. అధికారి కడుపు పట్టుకొని నవ్వినాడు. కంఠం దగ్గర రెండు వేయించినాడు. చొరవ దగ్గర సున్న.

సాయంత్రం అతను నన్ను ఆపినాడు. మార్కులు అడగలేదు, చొరవ అంటే ఏమిటని అడిగినాడు. ఒకరు చెప్పకముందే, అవసరం గ్రహించి, తనంతట తాను పని చేయడమని విడమరచి చెప్పినాను.

"అడగకుంట చేసుడా?"

"అవును."

"మరి అడగకుంట చేస్తె ఉస్తాద్ కొడ్తడు గదా?"

నేను నవ్వి, అది వేరు, ఇది వేరు అన్నాను. ఆ తేడా ఏమిటో అప్పుడు నాకూ తెలియదు. తెలుసుకోవడానికి ఒక వాగు దాటవలసి వచ్చింది.

మంథని దగ్గర గోదావరి ఒడ్డున పదిరోజుల శిబిరం వేసినారు. చివరినాటి మధ్యాహ్నం కవాతుగా ఒక ఊరికి పోయి తిరిగి వస్తున్నాము. పొద్దున మోకాలిలోతు ఉన్న వాగు ఎగువన పడిన వానకు నడుములోతు అయింది. అధికారి ముందే బండిలో అవతలి ఒడ్డుకు చేరినాడు. మేము దాటడానికి ముందు అక్కడి నుంచే మా నాయకునికి కేకవేసి, ఎనుకటోన్ని ఈసారి అందరికంటె ముందు నడిపించమన్నాడు. ముందు నడవడం నేర్చుకుంటే తప్ప నాయకత్వం రాదన్నాడు. ఆ మాటలో నిజానికి దయ కూడా ఉంది. ఆయన మీద నాకున్న పగకు అది అడ్డం కాదు.

అతను దాటే ముందు వెనుకకు వచ్చి పట్టీలు తాకబోయినాడు. నాయకుడు వద్దన్నాడు. అతను తాడు పట్టుకొని మొదటివాడుగా వాగులోకి దిగినాడు. అతని వెనుక మేము ఒక్కొక్కరం. ఆ రోజు మా వెనుక ఎవరూ లేరు.

అవతలి ఒడ్డు ఇసుకలో మూడు వరుసలుగా నిలబడినాము. మా కవాతు లెక్క ఎట్లా ఉంటుందో ఇక్కడ చెప్పాలి. ముప్పై మందీ అరవరు. ముందు వరుసలోని పదిమందే ఏక్, దో అని వరుసగా అరుస్తారు. ఒక్కొక్కని వెనుక ఇద్దరు ఉంటారు, ఆ ముగ్గురూ ఒక బారు గనుక పదిని మూడుతో హెచ్చిస్తే ముప్పై. నాయకుడు లెక్కలో ఉండడు. ఎదుట నిలబడి వింటాడు. మనిషి తక్కువైతే అందరూ జరిగి సర్దుకొని, చివరి బారులో నడిమి చోటును మాత్రం ఖాలీగా వదలాలి. ముందు వరుసలో చివరివాడు తన అంకె అరిచినాక వెనుకకు చూసి, చోటు ఖాలీగా ఉంటే చేయెత్తి 'ఖాలీ' అని చెప్పాలి. నాయకుడు కూడా పక్కకు నడిచి ఆ బారును కంటితో చూడాలి. నియమం మంచిదే. దానికి కావలసినదల్లా ఒకడు తల తిప్పడం.

ముందు వరుసలో పదోవాణ్ని నేను. 'దస్' అని అరిచినాను. మెడ తిప్పలేదు. తడిసి వణుకుతున్నాను, గట్టిగా, స్పష్టంగా అరిచినందుకు నాలో నేను మెచ్చుకుంటున్నాను కూడా. నాయకుడు పక్కకు నడవలేదు. బూట్లలో నీళ్లు నిండి ఉన్నవి. ఛాతీ విరిచి అధికారి వైపు తిరిగి ముప్పై పూర్తి అని చెప్పినాడు.

అప్పుడు నా బారులోనే, వెనుక వరుసలో నుంచి, ఎన్నడూ గట్టిగా పలకని ఆ గొంతు వినిపించింది.

"ఒకడు తక్కువున్నడు."

వరుసలో మాట్లాడవద్దని నాయకుడు గద్దించినాడు.

"నా ముంగట ఎవ్వడు లేడు. లక్సెట్టిపేటోడు రాలే."

లెక్క సరిగానే వచ్చిందని, కదిలితే పేరు కొట్టివేస్తానని అధికారి బండి దగ్గర నుంచి అరిచినాడు. నేను అప్పుడు తల తిప్పినాను. నా వెనుక చోటు ఖాలీగా ఉంది. దాని వెనుక అతను. నన్ను చూసినాడు. నేను చేయెత్తితే చాలు. ముందు వరుసవాడు చెబితే అది నియమం; వెనుక వరుసవాడు చెబితే అది ధిక్కారం. నా చేయి లేవలేదు.

అతను తుపాకిని ఇసుకలో పెట్టినాడు. అది కర్ర తుపాకి. అయినా నేల మీద పెట్టడం మా శిక్షణలో అన్నింటికంటె పెద్ద నేరం. వాగు వైపు నడిచినాడు. పరుగెత్తలేదు. నడిమి ప్రవాహానికి కొంచెం దిగువన, రెల్లుదుబ్బు చాటున, మా దళంలోని లక్సెట్టిపేట అబ్బాయి ఉన్నాడు. బూటు రెండు రాళ్ల నడుమ ఇరుక్కొని, దుబ్బును రెండు చేతులా పట్టుకొని, నీళ్లు గడ్డానికి తాకుతుంటే అరవలేక ఉన్నాడు. ఇతను నీళ్లలో మునిగినాడు. ఎంతసేపు మునిగినాడో చెప్పలేను. లేచినప్పుడు చేతిలో ఆ చిన్న కత్తెర ఉంది. బూటు తాళ్లు కత్తిరించి, పాదం విడిపించి, అతన్ని వీపు మీద వేసుకొని వచ్చినాడు. బూటు వాగులోనే ఉండిపోయింది. ఒడ్డుకు చేరినాక, అబ్బాయిని పడుకోబెట్టి, తాను తిరిగి నా బారులో వెనుక చోటున నిలబడి తుపాకి అందుకున్నాడు. ఇప్పుడు లెక్క సరిపోయింది గాని మళ్లీ లెక్కపెట్టమని ఎవరూ అనలేదు.

మరునాడు గుడారంలో నివేదిక రాయవలసి వచ్చింది. అధికారి చెప్పినాడు, నేను కూర్చినాను. 'సంఖ్య సరిచూచి ఒకరు లేరని గుర్తించిన దళనాయకుడు తక్షణమే ఒకరిని పంపి రక్షించెను' అన్న వాక్యం నాది. ఆయన చెప్పినదానికంటె నాది బాగుందని మెచ్చుకున్నాడు. ఆ కిందనే మరొక వాక్యం: 'ఒక శిక్షణార్థి ఆజ్ఞ లేకుండా వరుస విడిచి, ఆయుధమును నేలనుంచినందున పరీక్షకు అనర్హుడు.' పంపినది నిజమైతే విడిచినది అబద్ధం. విడిచినది నిజమైతే పంపినది అబద్ధం. చర్చావేదిక మీద ఇటువంటి వైరుధ్యాన్ని ఎదుటివాని నోట పట్టుకొని నేను ఎన్నో కప్పులు గెలిచినాను. అక్కడ రెండు వాక్యాల మధ్య చుక్క పెట్టి ఊరుకున్నాను. మరుసటి నెల హైదరాబాదులో జరిగే పోటీకి కళాశాల తరఫున ఎవరిని పంపాలో నిర్ణయించేది ఆయనే.

అందరూ సంతకాలు చేసినారు. జ్వరంతో పడుకున్న లక్సెట్టిపేట అబ్బాయి చేత కూడా, చదివి వినిపించకుండానే, చేయించినారు. చివరికి కాగితం అతని దగ్గరకు వచ్చింది. నిదానంగా రెండుసార్లు చదివినాడు.

"గిండ్ల నేనేడున్న, వకీల్ సాబ్?"

నేను 'ఒకరిని' అన్న మాట మీద వేలు పెట్టినాను.

"సరే. ఒకడు తక్కువుండె, ఒకడు వోయిండు. మీ లెక్క మీకు సరిపోయింది."

సంతకం చేయకుండా కాగితం నా చేతికి ఇచ్చినాడు. ఆ తరువాత నా చొక్కా మీద తెగి వేలాడుతున్న గుండీని చూసినాడు. చేయి టోపీ వైపు పోయింది, మధ్యలో ఆగింది. ఆ ఒక్కసారే అతను గుండీ కుట్టకుండా పోయినాడు. నాకు తెలిసినంతవరకు అతను తీర్చుకున్న పగ అంతే.

హైదరాబాదు పోటీలో విషయం: నాయకత్వం పుట్టుకతో వస్తుందా, శిక్షణతో వస్తుందా? నేను గెలిచినాను. ఆ కప్పు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఏ పక్షాన మాట్లాడినానో చెప్పను. రెండు పక్షాల నుంచీ అంతే ధాటిగా మాట్లాడగలిగేవాణ్ని.

రెండేళ్ల తరువాత వేములవాడ పోయినాను. గుడికి పోయే వీధికి వెనుక వీధిలో, తెల్లవారిన కొంతసేపటికి, వీధి పొడవునా పడుగు చాపి గంజి పట్టిస్తున్నారు. చివరన కుంచెతో అతను. నాలుగడుగులకు ఒకసారి దగ్గు. దగ్గినప్పుడు పడుగు మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకునేవాడు. సర్టిఫికెట్టు లేకుండానే ఎంపికకు పోయినాడని, కొలత దగ్గరే తిప్పి పంపినారని అంతకుముందే విన్నాను. అతని దగ్గరకు పోయే తొందరలో కాలెత్తి పడుగు దాటబోయినాను.

"దాటకు. కిందికెంచి రా."

చాపిన పడుగును దాటరాదని ఆ వీధిలో నడిచే ప్రతివానికీ తెలుసట. వంగి, దాదాపు నేల మీద పాకి, అవతలికి వచ్చినాను. క్షమాపణ కోసం కట్టుకొని తెచ్చుకున్న వాక్యాలు ఆ వంగడంలో చెదిరిపోయినవి. అతను లక్సెట్టిపేట అబ్బాయి కాలు ఎట్లున్నదని అడిగినాడు. బాగుందని, బడిపంతులు అయినాడని చెప్పినాను.

"మంచిగైంది" అన్నాడు.

నివేదిక నేనే రాసినానని చెప్పబోయినాను. తెలుసు గదా అన్నట్లు చూసి, కుంచె నా చేతికి ఇచ్చి, తాను రెండడుగులు వెనుకకు పోయినాడు. ఎక్కడో ఒక పోగు తెగింది; నాకు కనపడలేదు. దానిని రెండు వేళ్ల మధ్య తీసుకొని నలిపి అతికినాడు.

జరిగినది జరిగిపోయింది, చనిపోయినవానికి ఏం ఒరుగుతుంది, క్షమించడం గొప్ప గుణమని కొందరు మిత్రులు నాకు చెబుతున్నారు. క్షమించే హక్కు ఉన్నవాడు మొన్న చనిపోయినాడు. ఆ హక్కు వారసత్వంగా నాకు రాదు. నేను అతని వారసుణ్ని కాను, అతని మీద తప్పుడు కాగితం రాసినవాణ్ని. నాకు మిగిలినది సాక్ష్యం చెప్పడం ఒక్కటే. ఆ నివేదికతో దళనాయకుని ఛాతీ మీదికి వచ్చిన పతకాన్ని ఆ సాక్ష్యం పీకివేస్తే పీకివేయనీ. ఆనాటి నివేదిక చిత్తుప్రతి, కొట్టివేతలతో సహా, నా దస్తూరితో నా దగ్గర ఉంది. దానిని ఆ ఆదివారం వెంట తెస్తాను.

దళనాయకా, ఇది నీవు చదువుతావని నాకు తెలుసు. నీ గొంతు గట్టిది, నీ నడక చక్కనిది, నీ పట్టికలో ప్రతి గడీ నిండి ఉంది, నింపినవాణ్ని నేనే. ఒక్క గడీ ఆ పట్టికలో లేదు: వెనుక చూసినాడా? ఆ ప్రశ్న నిన్ను ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లు వస్తున్నారు.

ఇప్పుడు నా విన్నపం. ఆ దళంలోని ముప్పై మందిలో ఇరవైతొమ్మిది మందిమి బతికి ఉన్నాము. మిత్రులారా, మీ సంతకాలు నా వాక్యాల కింద ఉన్నవి. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం కళాశాల మైదానానికి రండి. వందనానికి పిలిచినారు గనుక మనల్ని ఎవరూ ఆపరు. పాత చోట్లలోనే మూడు వరుసలుగా నిలబడండి. ముందు వరుసలో పదో చోటు నాది. అదే బారులో చిట్టచివరి చోట లక్సెట్టిపేట మిత్రుడు నిలబడతాడు; ఒప్పుకున్నాడు. మా ఇద్దరి నడిమి చోటులోకి ఎవరూ రాకండి. లెక్క పెట్టించమని దళనాయకుణ్నే అడగండి. ఈసారి నేను తల తిప్పుతాను, చేయెత్తుతాను.

దళంలో లేని పాఠకులారా, మీరు కూడా రండి. మైదానం చుట్టూ నిలబడండి. ఆ చోటులో ఉండవలసినవాని పేరు దళనాయకుని నోట వచ్చి, కళాశాల దస్తరంలోని ఆ నివేదికలో 'ఒకరిని' అన్న మాట కొట్టివేసి ఆ పేరు రాసేదాకా, ఒక్కరు కూడా సభలోకి పోయి కుర్చీలో కూర్చోకండి.